దర్జీ పొట్టి చేయించిన ట్రక్కు

ప్యాంటు పొడుగైందని బండి మెకానిక్కు దగ్గరికి ఎవరూ వెళ్ళరు. బండి ఎత్తుగా ఉందని ఒక దర్జీ మాత్రం మెడలో టేపు వేసుకుని బామ్మర్ది షెడ్డుకి వెళ్ళాడు.

"పన్నెండు అంగుళాలకి దించాలి" అన్నాడు, చేతిలో చీటీ చూసుకుంటూ.

బామ్మర్ది ఏదో ఇంజను కింద పడుకుని ఉన్నాడు. తల కూడా బయటికి పెట్టకుండా, "దేన్ని బావా?" అని అడిగాడు.

"మీ అక్క ట్రక్కుని. తలుపు తీస్తే కాలు పెట్టే చోటు ఇప్పుడు నేలకి ఇరవయ్యారు అంగుళాలుంది. పన్నెండు కావాలి."

ఆ మాటకి మెకానిక్కు బయటికి వచ్చాడు. లేచి కూర్చుని, చేతులు తుడుచుకుంటూ బావని ఎగాదిగా చూశాడు. "అది జాకెట్టు కాదు బావా, కింద మడిచి కుట్టడానికి."

దర్జీ నవ్వలేదు. పక్కనున్న పాత టైరు మీద కూర్చుని, జరిగింది మొదటి నుంచీ చెప్పాడు.

దర్జీ పెళ్ళాం పశువుల డాక్టరు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు కొండల మీది పల్లెలకి ఆ ట్రక్కులోనే తిరిగింది. నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు బండి అది. వాగులో దిగినా, బురదలో దిగినా, రెండో లివరు ముందుకి తోస్తే మూలుగుతూ బయటికి వచ్చేసేది. లాగే బలం ఎంతో ఎత్తూ అంతే. ఎక్కాలంటే ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని పైకి ఎగరాలి. ఆవిడ ఎగిరేది కూడా, మందుల పెట్టె భుజాన వేసుకుని. మోకాళ్ళు అరిగిపోయేదాకా ఎగిరింది. పోయిన ఏడాది ఉద్యోగానికి సెలవు చెప్పి, కొన్నాళ్ళకి రెండు మోకాళ్ళూ మార్పించుకుంది. ఆపరేషను బాగానే జరిగింది. నడుస్తోంది, మెట్లెక్కుతోంది. ట్రక్కు మాత్రం ఎక్కలేకపోయింది.

ఒకరోజు దర్జీ కుట్టుమిషను ముందుండే ముక్కాలిపీట తెచ్చి వేశాడు. ఆవిడ దాని మీద కాలు పెట్టింది, పీట ఒరిగింది, ఈయన పట్టుకోబోయాడు, ఇద్దరూ కలిసి బురదలో కూలబడ్డారు. దెబ్బలేం తగల్లేదు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది కూడా. కానీ మర్నాడు తాళంచెవి తీసి గోడకున్న మేకుకి తగిలించి, "నడక మంచిదేలెండి" అంది. ఆ మాట అని రెండు నెలలైంది.

"పక్కన మెట్టు వేశాను కదా" అన్నాడు మెకానిక్కు.

"వేశావు. ఎక్కుతుంది. దిగేటప్పుడు ఒంటికాలి మీద పక్కకి మెలి తిరగాలి. అది వద్దని ఎముకల డాక్టరు గట్టిగా చెప్పాడు."

"అయితే నా కారు తీసుకెళ్ళమను. అది పొట్టిదే."

దర్జీ టేపు చివర వేలికి చుట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "రోజూ పొద్దున నేను నిద్రలేవలేదనుకుని పెరట్లోకి వెళ్తుంది. తలుపు తీసి, కిందే నిలబడి చెయ్యి చాపి తాళం తిప్పుతుంది. ఇంజను మొదలవుతుంది. ఒక ఐదు నిమిషాలు అలా తలుపు పట్టుకుని నిలబడి వింటుంది. తర్వాత ఆపేసి లోపలికొచ్చి పొయ్యి వెలిగిస్తుంది. నాకేమీ చెప్పదు. నేనూ అడగను."

ఆ బండి ఇంజను రెండుసార్లు విప్పి బిగించినవాడు మెకానిక్కే. గోడ మీది గడియారం కేసి చూశాడు, చేతుల కేసి చూసుకున్నాడు.

"దించడమంటే మాటలు కాదు బావా" అన్నాడు చివరికి. "ముందు చక్రాల మధ్య ఇంత లావు ఇనప దూలం ఉంది. దాని మీద స్ప్రింగు పట్టీలు, పట్టీల మీద బండి. అందుకే అంత ఎత్తు. ఆ దూలం ఉన్నంత కాలం దించలేం. తీసేస్తే ముందు చక్రాలు లాగవు. వెనక రెండే లాగుతాయి. బయట కంపెనీలు కొత్త సస్పెన్షను సెట్లు తయారు చేస్తున్నాయి. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగుతుంది, స్ప్రింగు చుట్టూ ఉన్న మర తిప్పితే ఎత్తు కూడా మారుతుంది. పెట్టొచ్చు. కానీ ఆ తర్వాత అది కొండెక్కదు. అక్క ఒప్పుకుందా?"

"ఒప్పుకుంటుంది" అన్నాడు దర్జీ. అబద్ధం చెప్పడం రాని మనిషి కాబట్టి, ఆ ఒక్క మాటా నేల కేసి చూస్తూ చెప్పాడు.

బ్రేకులు చూడాలని చెప్పి మెకానిక్కు బండిని షెడ్డుకి తోలుకెళ్ళాడు. వారం తర్వాత చెక్కపెట్టెల్లో సామాను వచ్చింది. ఆ రోజు నుంచీ దర్జీ మధ్యాహ్నం కాగానే దుకాణం మూసి షెడ్డులో తేలేవాడు. ఒక స్పానరుకీ ఇంకో స్పానరుకీ తేడా తెలియదు. ఏది అడిగితే దాని పక్కది అందించేవాడు. "ఎడ్డెమంటే తెడ్డెమంటావేంటి బావా" అని బామ్మర్ది విసుక్కునేవాడు. కానీ వెళ్ళిపొమ్మని ఒక్కసారీ అనలేదు.

ముందు దూలం దిగింది. నాలుగు చక్రాలకీ శక్తి పంచే డబ్బా, రెండో లివరుతో సహా గేరుబాక్సు వెనక నుంచి ఊడి వచ్చింది. దాని స్థానంలో వెనక చక్రాలకి మాత్రమే శక్తి పంపే మామూలు తోకభాగం బిగించి, వెనక చక్రాల దాకా పొడుగాటి కొత్త రాడ్డు చేయించాడు మెకానిక్కు. వెనక ఇరుసు మీద పట్టీలు కూర్చునేవి, వాటిని ఇరుసు కింద వేలాడదీశాడు, దాంతో వెనకవైపు దిగింది. ఇక అసలు పని ముందువైపు. కొత్త అడ్డకమ్మీని ఛాసిస్ మధ్య అతికించాలి. చక్రాలూ స్ప్రింగులూ స్టీరింగూ అన్నీ దాని మీదే ఆధారం. నాలుగు చోట్ల చుక్కలు చుక్కలుగా వెల్డింగు పెట్టి, నిలబడి చూసుకుని తృప్తిగా తలూపాడు.

దర్జీ దూరంగా నిలబడి తల పక్కకి వాల్చి చూస్తున్నాడు. "ఎడమ పక్క వెనక్కి జారింది" అన్నాడు.

"ఏం జారలేదు. గుర్తు పెట్టుకుని అతికించాను."

"జారిందిరా. కాలరు ఒక పక్క లాగినట్టుంది."

"కాలర్లకీ ఛాసిస్‌లకీ లంకె పెట్టకు బావా. అది నక్క, ఇది నాగలోకం."

దర్జీ మెడలోంచి టేపు తీసి ఒక చివర బామ్మర్ది చేతికిచ్చాడు. ముందు కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకి కొలిచారు. తర్వాత ముందు ఎడమ నుంచి వెనక కుడికి. తేడా ఉంది. పెద్దది కాదు, గుండీ మందమంత. మెకానిక్కు ఆ టేపు నమ్మలేక తన ఇనప టేపు తెచ్చి మళ్ళీ కొలిచాడు. అదే గుండీ మందం.

"ఇలాగే పూర్తిగా అతికించి ఉంటే?" అడిగాడు దర్జీ.

"బండి జీవితాంతం ఒక పక్కకి లాగేది. టైర్లు నెలకో జత తినేది." గ్రైండరు తీసుకుని, పెట్టిన చుక్కలు తనే కోసేశాడు. కోస్తూ కోస్తూ, "ఈ సంగతి అక్కకి చెప్పకు" అన్నాడు.

అక్క ఆ మర్నాడే వచ్చింది.

బ్రేకులు చూడడానికి మూడు వారాలు పట్టదని ఆవిడకి తెలుసు. పైగా మొగుడి చొక్కా జేబు దగ్గర గ్రీజు మరక కనబడింది. నలభై ఏళ్ళుగా సుద్దముక్క తప్ప వేరే మరక లేని జేబు అది. చేతికర్ర తీసుకుని, తమ్ముడి షెడ్డు దాకా నడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలో నిలబడితే కనిపించింది: ముందు చక్రాలు లేకుండా స్టాండ్ల మీద తన ట్రక్కు, పక్కనే నేల మీద దూలం, డబ్బా, దానిలోంచి పైకి లేచి ఉన్న రెండో లివరు. ఆ లివరు మీది నల్లటి గుండు ఆవిడ అరచేతికే అరిగి నున్నబడింది.

మెకానిక్కు తేలు కుట్టిన దొంగలా ఇంజను వెనక్కి వెళ్ళాడు. దర్జీకి పారిపోవడానికి చోటు లేదు.

ఆవిడ అరవలేదు. ఒక చెక్కపెట్టె లాక్కుని కూర్చుంది. "బండి ఎవరిదండీ?" అని అడిగింది.

"నీదే."

"మరి నన్ను అడిగారా?"

"అడిగితే వద్దంటావని..."

"అంటాను. అనే హక్కు నాకుంది కదా. ఈ మోకాళ్ళు కోసే ముందు ఆ డాక్టరు కూడా నన్ను అడిగాడు, సంతకం చేయించుకున్నాడు. మీరు నాతో నలభై ఏళ్ళు కాపరం చేసి అడగలేదు."

దర్జీ చేతిలో స్పానరుని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. "తప్పే" అన్నాడు. "పొద్దున్నే నువ్వు కింద నిలబడి ఇంజను వింటుంటే చూడలేకపోయాను."

ఆవిడ మొహం తిప్పుకుని దూలం కేసి చూసింది. మాట్లాడేటప్పటికి గొంతులో కోపం సగానికి తగ్గింది. "వాగు అవతల పల్లెలకి నా తర్వాత వచ్చిన కొత్త డాక్టరమ్మ నడిచి వెళ్తోంది, తెలుసా? ఆమెకిచ్చిన బండి కూడా ఇలాంటిదే. ముందు ఇరుసు విరిగి ఆరు నెలలుగా ఆఫీసు వెనక పడి ఉంది. విడిభాగాలు దొరకడం లేదట. కాళ్ళు కుదురుకున్నాక నా బండిలో తీసుకెళ్దామనుకున్నాను. అనుకోవడమే. ఆ దారిలో ఒక గంట కుదుపులు తింటే ఈ కాళ్ళు ఏమవుతాయో నాకు తెలియదా."

ఇంజను వెనక నుంచి మెకానిక్కు తల కనిపించింది. "అదే మోడలా అక్కా?"

"అదే మోడలు. నీ కంటే రెండేళ్ళు చిన్నది."

"అయితే ఈ దూలం దానికి పడుతుంది. డబ్బా కూడా."

"పడుతుందని నాకూ తెలుసు. నువ్వే బిగించాలి. నా బండి కంటే ముందు అది పూర్తి కావాలి" అని ఆవిడ లేచి నిలబడింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఎంత ఎత్తుకి దింపుతున్నారు?"

"పన్నెండు అంగుళాలు. నీ కాలు ఎంత లేస్తుందో కొలిచాను. కొత్త పైజామాకని చెప్పి గుమ్మం దగ్గర నిలబెట్టాను చూడు, ఆ రోజు."

"ఆ పైజామా ఇప్పటికీ రాలేదు" అంది ఆవిడ. "ఎప్పుడు కొలిచారు?"

"రెండు నెలలైంది."

"రెండు నెలల కిందటి కొలతకి ఎవరికైనా గుడ్డ కోస్తారా మీరు?"

దుకాణంలో ఆరు వారాలు దాటిన కొలతని దర్జీ ముట్టుకోడు. ఎవరైనా అడిగితే, మనిషి మారిపోయి ఉంటాడని చెప్తాడు.

ఆవిడ కర్రని గోడకి ఆనించి, ఒక చెయ్యి బండి తలుపు మీద వేసి, కుడికాలు పైకి లేపింది. నెమ్మదిగా లేపింది, కానీ వణక్కుండా లేపింది. "కొలవండి" అంది. దర్జీ మోకాళ్ళ మీద కూర్చుని టేపు పట్టాడు. పదిహేను అంగుళాలు. ఇంకోసారి పట్టాడు, టేపు మీది అంకె అతనికి మసకగా కనబడింది. పదిహేనే.

"పదిహేనుకి పెట్టు తమ్ముడూ" అంది ఆవిడ. "ఆ స్ప్రింగు మర తిప్పితే ఎత్తు మారుతుంది కదా. వచ్చే ఏడాదికి ఇంకో అంగుళం లేపుదువుగాని."

ఆ తర్వాత మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మాట్లాడలేదన్న మాటే గానీ, మధ్యాహ్నం ఇద్దరికీ భోజనం క్యారియరు తనే మోసుకొచ్చేది. తమ్ముడితో, "మీ బావని తినమను" అనేది. నాలుగో రోజున ఇంజను కింద నూనె గిన్నె కొత్త అడ్డకమ్మీకి తగులుతోందని తేలింది. ముందుభాగం లోతు తక్కువున్న వేరే గిన్నె వెతికి తెచ్చేదాకా మెకానిక్కుకి కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ హడావుడిలో ఆవిడ తన కోపం సంగతి మరిచిపోయి, "ఏమండీ, ఆ టార్చి ఇలా పట్టండి" అంది. దర్జీ పరుగున వెళ్ళి పట్టాడు.

మాట ప్రకారం ముందు కొత్త డాక్టరమ్మ బండే తయారైంది. ఆ పిల్ల దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున పెద్దావిడ ముందుసీటు కిటికీ దగ్గర నిలబడి గంటసేపు చెప్పింది: ఏ వాగులో ఎక్కడ రాయి ఉంది, ఏ మలుపులో రెండో లివరు ముందే వెయ్యాలి, ఏ ఇంటి కుక్క కరుస్తుంది. ఆ పిల్ల పుస్తకం తీసి రాసుకుంది. బండి వెళ్ళిపోయాక పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, "క్లచ్చు మరీ గట్టిగా తొక్కుతోంది" అంది.

ఇంకో పది రోజులకి ట్రక్కు నేల మీద నిలబడింది. నిజానికి చూడడానికి వింతగా ఉంది, నిలువెత్తు మనిషి కుర్చీలో కూర్చున్నట్టు. పెద్దావిడ చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు తీసింది. పిడి పట్టుకుని కాలు పెట్టి, ఒక ఊపులో సీట్లో కూర్చుంది. పక్కన ఎవరి చెయ్యీ అవసరం పడలేదు. దర్జీ చేతులు మాత్రం గాలిలో సగం దాకా వెళ్ళి ఆగిపోయాయి.

స్టీరింగు ఒక వేలితో తిప్పి చూసి, "ఇదేంట్రా, వెన్నలా తిరుగుతోంది. ముప్ఫై ఏళ్ళు నాతో కుస్తీ పట్టించింది కదా" అంది తమ్ముడితో. తర్వాత మొగుడిని చూసి, "దుకాణం మూసే వచ్చారుగా, ఎక్కండి" అంది.

"ఎక్కడికి?"

"ఈ బండిలో మనం ఎప్పుడైనా పని లేకుండా ఎక్కడికైనా వెళ్ళామా? సముద్రం దాకా తారురోడ్డేనట."

వెళ్ళారు. సాయంత్రం చీకటి పడక ముందే తిరిగి వచ్చి, ఇంటికి పోకుండా నేరుగా షెడ్డు ముందే ఆపారు. కొత్తగా బిగించిన బోల్టులన్నీ మొదటి ప్రయాణం తర్వాత మళ్ళీ చూడాలని మెకానిక్కు మరీ మరీ చెప్పాడు. అతను స్పానరు పట్టుకుని కింద దూరాడు. 

"అక్కా" అని కింద నుంచే పిలిచాడు. "చక్రాల పైదాకా ఇసుక ఉందేంటి? రెండే చక్రాలు లాగుతాయి, ఇసుకలోకి దించొద్దని చెప్పానా లేదా?"

"కొంచెమే దించాను."

"ఎలా బయటపడ్డారు?"

పెద్దావిడ మొగుడి కేసి చూసింది. దర్జీ మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు, చెప్పులు చేతిలో ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది.

"మీ బావ వెనక నుంచి తోశారు" అంది.