రెండు సీట్ల పడవ

కర్టెన్లు కుట్టే ఆవిడకి నీళ్ళంటే భయం. అదేదో మామూలు భయం కాదు. బస్సు వంతెన ఎక్కితే చాలు, కిటికీ పక్క సీటు వదిలేసి నడవలోకి వచ్చి నిలబడేది. అటువంటి మనిషి కయాకింగు క్లబ్బులో చేరిందంటే దానికి కారణం ఒకటే, మొహమాటం.

ఆ మొహమాటం వియ్యపురాలి దగ్గర. కూతురి అత్తగారు ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. విజిలైతే బడిలో వదిలిపెట్టింది గాని గొంతు మాత్రం ఇంటికి తెచ్చుకుంది. సంబంధం మాట్లాడుకున్న రోజున, "మా పుట్టిల్లు ఏటి ఒడ్డునే" అని ఈవిడ మాటవరసకి అంటే, "అయితే ఈత చేపకి వచ్చినట్టు వచ్చుంటుంది మీకు!" అని టీచరమ్మ తనే ఖాయం చేసేసింది. కాదని చెప్పడానికి అప్పుడు సందు దొరకలేదు. తర్వాత రెండేళ్ళలో దొరికిన సందులన్నీ ఈవిడే వదులుకుంది.

ఒక రోజు పొద్దున్నే టీచరమ్మ కుట్టుగదికి వచ్చింది. పొడుగు బల్ల మీద బూడిదరంగు గుడ్డ పరిచి ఉంది. ఈవిడ నోట్లో నాలుగు గుండుసూదులు పట్టుకుని కుచ్చిళ్ళు కొలుస్తోంది.

"వదినగారూ, ఇకనుంచి శనివారాలు ఖాళీ పెట్టుకోండి. పడవల క్లబ్బులో చేరుతున్నాం. రెండు సీట్ల పడవ, నాకు జోడీ కావాలి."

నోట్లో సూదులుంటే కాదనడం ఎవరికైనా కష్టమే. అవి తీసి డబ్బాలో వేసేసరికి ఫారం బల్ల మీదికి వచ్చేసింది. 'యాభై మీటర్లు ఈదగలరా?' అన్న ప్రశ్న దగ్గర టీచరమ్మ, "ఇదొకటి అడగాలా!" అంటూ తనే టిక్కు కొట్టింది.

రాదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కూతురు ఆ ఇంటి కోడలు. రేపు ఏ చిన్న మాట వచ్చినా, 'మీ అమ్మలాగే నువ్వూనా' అని దెప్పితే? ఈవిడ సంతకం పెట్టింది.

సంగతి విన్న మొగుడు తల పట్టుకున్నాడు. "'నాకు ఈత రాదు' అను. మూడే మాటలు. చెప్పెయ్యవే."

"మీకేం, గట్టు మీద కూర్చుని ఎన్నైనా చెబుతారు."

ఆ వారమంతా ఆమె స్నానాలగదిలో బకెట్టు నిండా నీళ్ళు పట్టి, అందులో మొహం ముంచి లెక్కపెట్టుకుంది. నాలుగు దాటేసరికి తల పైకి లాగేసుకునేది. తుడుచుకుని బయటికొచ్చి, ఏమీ ఎరగనట్టు మిషను ముందు కూర్చునేది.

క్లబ్బంటే రిజర్వాయరు ఒడ్డున ఒక రేకుల షెడ్డు. లోపల పడవలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉంటాయి. తడి రబ్బరు వాసన. ఎండకి ముక్కు మీద పొరలు ఊడిన ఒక పడుచు పిల్ల కోచ్. కొత్తగా చేరినవాళ్ళకి ముందు ఊళ్ళోని ఈతకొలనులో పరీక్ష పెట్టాలట. ఆ కొలనుకి మరమ్మతులు జరుగుతున్నాయి.

"మా వదినగారికి నేను హామీ" అంది టీచరమ్మ. కోచ్ నమ్మింది.

మొదటి రెండు శనివారాలూ మోకాలి లోతు దాటలేదు. తెడ్డు పట్టుకోవడం, ఎక్కడం, దిగడం. మూడో శనివారం మిగతా కొత్తవాళ్ళ పడవలతో పాటు లోతు నీళ్ళలోకి వెళ్ళారు. ముందు సీట్లో ఈవిడ, వెనక టీచరమ్మ. పడవలో కూర్చుంటే నీళ్ళు ఎక్కడో కింద ఉంటాయనుకుంది. అవి మోచేతి పక్కనే ఉన్నాయి, నల్లగా, అడుగు కనబడకుండా. కాళ్ళ కింద పలుచటి ప్లాస్టిక్కు పొర. తల తిప్పాలన్నా భయమే. తిప్పితే పడవ కూడా తిరుగుతుందేమోనని.

"ఈ నత్తలతో మనకేం పని? అల్లంత దూరాన తేలుతున్న ఆ పసుపు బంతి దాకా వెళ్ళొద్దాం పదండి" అంది వెనకనుంచి టీచరమ్మ. కోచ్ పిలుస్తున్నా వినిపించుకోలేదు.

బంతి దగ్గరికి చేరేసరికి గాలి లేచింది. చిన్న చిన్న అలలు వరసగా వచ్చి పడవ పక్కల్ని చరచసాగాయి. వెనక "అబ్బా!" అని కేక. ఆ వెంటనే తెడ్డు నీళ్ళలో పడ్డ చప్పుడు. పడవ అడ్డంగా తిరిగింది. ఒక అల ఒళ్ళోకి వచ్చింది.

"భుజం జారింది వదినగారూ. పాత దెబ్బ." టీచరమ్మకి ఊపిరి అందడం లేదు. "పడవ తిరగబడితే నన్ను పట్టుకుని ఈదండి. నా చెయ్యి లేవదు."

ఇక దాచడానికి చోటు లేదు.

"నాకు ఈత రాదండీ."

"ఏమిటీ?"

"రాదు. ఎప్పుడూ రాదు."

వెనక ఉన్న మనిషి మొహం కనబడదు, తిరిగి చూసే ధైర్యమూ లేదు. నీళ్ళకన్నా ఆ కనబడని మొహమే ఎక్కువ భయపెట్టింది.

"అయితే తిరగబడకూడదు" అంది టీచరమ్మ. ఆ గొంతులో వణుకు ఈవిడ ఎన్నడూ వినలేదు. "అలకి ఎదురుగా తిప్పండి. కుడివైపు తోయండి. మళ్ళీ కుడి. ఇప్పుడు ఎడమ..."

ఈవిడ తోసింది. ధైర్యం వచ్చి కాదు, ఆపితే చచ్చిపోతామని. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఒళ్ళు తడిసింది నీళ్ళకో మరొకందుకో ఆమెకే తెలియలేదు. "అమ్మా, అమ్మా" అని పైకే అంటోందని తర్వాత టీచరమ్మ చెబితేగాని ఎరగదు. పడవ తాగినవాడిలా వంకరలు తిరుగుతూ పోయింది. సగం దారిలో కోచ్ ఎదురొచ్చి, ముందు కొక్కేనికి తాడు తగిలించి లాగింది. ఒడ్డు తగిలాక కూడా తెడ్డు మీది పట్టు సడలలేదు. కోచే ఒక్కొక్క వేలూ విప్పింది.

ఇద్దరికీ చివాట్లు సమంగా పడ్డాయి. ఈత నేర్చుకునేదాకా ఈవిడ పడవ తాకకూడదంది. హామీ ఇచ్చినావిడ ఇకమీదట ఎవరికీ హామీ ఉండకూడదంది.

ఆసుపత్రికి వెళ్తూ కారులో టీచరమ్మ ఒక్క మాటే అంది. "మీకేమైనా అయ్యుంటే నా కోడలికి ఏ మొహం చూపించేదాన్ని?"

ఆ తర్వాత మూడు వారాలు మాటల్లేవు. కూతురు ఫోను చేసింది. "అమ్మా, అత్తయ్య ఇంట్లో గొంతెత్తడం లేదు. నాకు భయంగా ఉంది. ఒకసారి రా."

వెళ్ళింది. టీచరమ్మ కట్టుకట్టిన చేత్తో కుర్చీలో కూర్చుని ఉంది.

"మీకు భయపడే రెండేళ్ళూ చెప్పలేదు" అంది ఈవిడ, గుమ్మంలోనే నిలబడి.

"నాకా? మిమ్మల్ని ఏనాడైనా ఒక మాట అన్నానా?"

"అనలేదు. నన్నూ అననివ్వలేదు."

టీచరమ్మ ఏదో అనబోయి ఆగింది. ఆవిడ అలా ఆగడం ఈవిడ చూడడం అదే మొదటిసారి.

"కూర్చోండి" అంది పక్క కుర్చీ చూపించి. "కొలను మళ్ళీ తెరిచారట. చెయ్యి ఆరు వారాలు కదపొద్దన్నారు డాక్టరు. నోటి గురించి ఏమీ అనలేదు."

మర్నాడు ఇద్దరూ కొలనుకి వెళ్ళారు. ఈవిడ ఛాతీ లోతులో నిలబడి గట్టుని రెండు చేతులా పట్టుకుంది. పక్కనే పిల్లలు కేరింతలు కొడుతూ దూకుతున్నారు. ఒక్కో చప్పుడుకీ ఈవిడ పట్టు ఇంకాస్త బిగిస్తోంది. టీచరమ్మ పైన కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

"వదిలెయ్యండి వదినగారూ, ఏమీ కాదు!"

"ఆగండి. నాకు వదలాలనిపించినప్పుడు వదులుతాను."

టీచరమ్మ నోరు మూసుకుంది. ఆ రోజు ఈవిడ గట్టు వదల్లేదు. ఆ మర్నాడు ఒక చెయ్యి వదిలింది.