ఎల్లారంలో పదకొండు రోజులు

ఆ వానాకాలం ఇస్తారికి కుదురు లేకుండా పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. పొద్దున్నే ముఖమైనా కడుక్కోకుండా ఎల్లారంలో తన అద్దెగది ముందు నిలబడి, బడికి పోయే పిల్లల్ని లెక్కపెట్టేవాడు. ఎవరైనా కనబడకపోతే వాళ్ల ఇంటికే పోయి, "పిల్లకు జరమొచ్చిందా?" అని అడిగేవాడు. మేనమామ ఇంటికి పోయిందనో, మేకల వెంట పోయిందనో తల్లి చెబితే గాని అతనికి ఊపిరి ఆడేది కాదు.

అప్పటికి తొమ్మిదేళ్లుగా అతను మలేరియా స్కీములో పనిచేస్తున్నాడు. ఇంటింటికీ తిరిగి గోడలకు డి.డి.టి. మందు కొట్టినవాడు. మలేరియా అంటే అతనికి భయం లేదు, దానికి గోలీ ఉంది. ఇప్పుడు వెతుకుతున్న జ్వరానికి గోలీ లేదు. కిందటేడు, అంటే అరవై మూడులో, గోదావరి అవతల ఒక ఊళ్లో ఆరుగురు పిల్లలకు ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోయింది, మెడలు కొయ్యబారిపోయాయి, ఫిట్స్ వచ్చాయి. నలుగురు పోయారు. అది దోమలు తెచ్చే మెదడువాపు జ్వరమని పెద్ద డాక్టర్లు అనుమానించారు. ఈ ఏడు ముందే కనిపెట్టాలని జగిత్యాలలో ఒక ఇల్లు తీసుకుని, చుట్టూ నాలుగు ఊళ్లలో పరీక్షలు మొదలుపెట్టారు. దానికి పెద్ద డాక్టర్ అంబదాస్. భైంసా మనిషి, మాటలో మరాఠీ యాస పలికేది.

"గీ జరం ముందుగాల కొంగలల్ల ఉంటది, పందులల్ల పెరుగుతది. దోమలు దాన్ని మోసుకొచ్చి ఆఖరుకు పిల్లల మీద దించుతయ్. మనం పిల్లల దగ్గర వెతికితే ఆలస్యమైతది ఇస్తారీ. దోమల దగ్గర, పందుల దగ్గర వెతకాలె," అని మొదటి రోజే చెప్పాడాయన.

అందుకే పొద్దు వాలే వేళకు ఇస్తారి పశువుల కొట్టాల్లో, పందుల దొడ్లో తిరిగేవాడు. గాజు గొట్టానికి బిగించిన రబ్బరు గొట్టాన్ని నోట పెట్టుకుని, గోడ మీద వాలిన దోమను సుతారంగా పీల్చి సీసాలోకి ఊదేవాడు. పదిరోజులకొకసారి పందుల నెత్తురు, నెలకొకసారి పిల్లల నెత్తురు. అన్నిటినీ మంచు నింపిన డబ్బాలో పెట్టి పెద్దపల్లిలో రైలెక్కిస్తే పూనాలోని పరీక్షశాలకు పోయేవి. అక్కడినుంచి జవాబు రావడానికి నెల పట్టేది. ఇస్తారి ప్రాణం తీసేది ఆ నెలే.

పందులు కొమురవ్వవి. అరవై ఏళ్ల మనిషి, ఊరి చివర ఎరుకలవాడలో ఒక్కతే ఉండేది. తన పందుల్ని సూదితో పొడుస్తానని ఇస్తారి వచ్చిన రోజు ఆమె కర్ర తీసింది. తర్వాత ఏమనుకుందో, తనే పంది చెవులు పట్టుకుని, "కానీ బిడ్డా, జల్ది కానీ," అనడం మొదలుపెట్టింది.

భాద్రపదం మొదట్లో ఒక సాయంత్రం ఇస్తారి గొట్టంతో దోమలు పీలుస్తుంటే ఆమె దడి పట్టుకుని నిలబడింది.

"బిడ్డా, నా పందులకు ఏందో అయితాంది. మూడు ఈనినయ్. మూడింటికీ చచ్చిన పిల్లలే. గీ నెల రోజులల్లనే."

ఇస్తారి నోట్లో గొట్టం తీయకుండానే తల ఊపాడు. దోమను సీసాలోకి ఊదాక, "ఏమన్న తినరానిది తిన్నయేమో అవ్వా," అన్నాడు.

"ముప్పై ఏండ్ల సంది పందుల్నే సాదుతున్న. ఒకటి పోతది, రెండు పోతయ్. ఈతకు ఈతే చచ్చిపుట్టుడు నేను సూడలే. నువ్వు రాసుకుంటవు గదా, గిదీ రాసుకో."

రాసుకోవడానికి అతని దగ్గర అచ్చుకాగితం ఉంది. దోమల సంఖ్య, పట్టిన వేళ, పంది వయసు, తీసిన నెత్తురు... అన్నిటికీ గడులున్నాయి. చచ్చిపుట్టిన పిల్లలకు గడి లేదు. "సరే అవ్వా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గదికి పోయి జొన్నరొట్టె తిన్నాడు, పడుకున్నాడు. కానీ ఆ మాట పడుకోలేదు. మర్నాడు కొట్టాల్లో తిరుగుతుంటే మళ్లీ గుర్తొచ్చింది. పందులు చస్తే తనకేం, నెత్తురు ఎలాగూ పూనా పోయింది కదా, జవాబు అదే వస్తుంది కదా అని సర్దిచెప్పుకున్నాడు. డాక్టరుకు చెబితే నవ్వుతాడేమో అనిపించింది. మందు కొట్టే పని నుంచి ఈ పనిలోకి ఎంచి తీసుకున్న మనిషి, పందుల కాన్పుల ముచ్చట మోసుకుపోతే ఏం బాగుంటుంది? ఆ రోజు అలా గడిచింది. తర్వాతి రోజూ అంతే. పిల్లల్ని మాత్రం రోజుకు రెండుసార్లు లెక్కపెట్టసాగాడు.

పదకొండో రోజున వరి మడుల మీద కొంగల గుంపు వాలడం చూశాడు. కొంగలు, మడి నీళ్లు, మడి పక్కనే కొమురవ్వ దొడ్డి, దొడ్డి వెనకే పిల్లలు పడుకునే వాకిళ్లు. అన్నీ ఒక్క చూపులో కనబడ్డాయి. సైకిల్ తీసి, తొమ్మిది మైళ్లు ఎక్కడా దిగకుండా తొక్కుకుంటూ జగిత్యాల పోయాడు.

అంబదాస్ అన్నం తింటున్నాడు. ఇస్తారి చెప్పింది విని చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఎప్పుడు చెప్పింది ఆమె?"

"పదకొండు రోజులాయె సార్."

డాక్టర్ తువ్వాలతో చెయ్యి తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "చూల్ల ఉన్న పందులకు గీ జరం సోకితే గట్లనే అయితది. పూనా ఉత్తరం కోసం నెల చూస్తున్నం. గా ముసలమ్మ మనకు ముందే జాబిచ్చింది. నువ్వు జేబుల పెట్టుకున్నవ్."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. జీపు తీయమన్నాడు.

వాళ్లు ఎల్లారం చేరేసరికి రాజం ఇంటి ముందు జనం ఉన్నారు. రాజం నేతపని చేసేవాడు. అతని ఏడేళ్ల కూతురు అనసూర్యకు ముందురోజు రాత్రి నుంచి జ్వరం. పొద్దున ఇస్తారి లెక్కపెట్టినప్పుడు ఆ పిల్ల తక్కువైంది. అడిగితే, వాళ్ల నాయనమ్మ దవాఖానాకు తోలుతారని భయపడి, "ఊరికే పండుకుంది," అంది. ఇప్పుడు పిల్ల కళ్లు తేలేసి ఉంది. మెడ కింద చెయ్యి పెట్టి లేపబోతే తలతో పాటు వెన్నంతా కర్రలా లేచింది.

అంబదాస్ పిల్లను ఎత్తుకుని జీపులో వేశాడు. రాజం, అతని భార్య సరోజన ఎక్కారు. ఇస్తారి ఎక్కబోతే డాక్టర్ ఆపాడు. "నువ్వీడ్నే ఉండు. ఇంకెవలకన్న జరముందా, ఇల్లిల్లు చూడు." జీపు కరీంనగర్ దవాఖానా దారి పట్టింది.

ఇస్తారి ఇల్లిల్లూ తిరిగాడు. ఇంకో ఇద్దరు పిల్లల ఒళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆ కబురు అతని కంటే ముందు ఊరంతా పాకింది. మాటిమాటికీ సూదులు పొడిచింది పందులకే గనక జ్వరం పందులదేనని ఎవరో అన్నారు. అతను ఎరుకలవాడ చేరేసరికి ఊరి పెద్ద హనుమండ్లు పటేల్ ముందు నిలబడి ఉన్నాడు, వెనక పదిహేను మంది, చేతుల్లో కర్రలు, గొడ్డళ్లు. కొమురవ్వ దొడ్డి తలుపుకు అడ్డంగా కూర్చుని ఉంది.

"లే ముసల్దానా. నీ పందులు పిల్లల్ని మింగుతున్నయ్," అన్నాడు పటేల్.

ఇస్తారి పోయి కొమురవ్వ పక్కన నిలబడ్డాడు.

"పటేలా, పందుల్ని గిప్పుడు చంపితే లాభం లేదు. వాటి నెత్తురు తాగిన దోమలు ఇప్పటికే మన కొట్టాలల్ల ఉన్నయ్. గా దోమలు పుట్టింది మీ మడి నీళ్లల్ల. పందుల్ని చంపితే మడిని కూడ పూడుస్తరా?"

"మరి గిన్ని రోజులు నువ్వేం చేసినవయ్యా? దోమలు పట్టుకుంట తిరిగినవ్ గదా. నీకు తెల్వదా?"

అబద్ధం చెప్పడానికి దారి ఉంది. పూనా నుంచి ఉత్తరం రాలేదని అంటే అది అబద్ధం కూడా కాదు.

"గీమెకు తెలుసు," అన్నాడు ఇస్తారి. "పందులు చచ్చిన పిల్లల్ని ఈనుతున్నయని పదకొండు రోజుల కింద నాకు చెప్పింది, రాసుకొమ్మన్నది. నేను రాసుకోలే, ఎవ్వలకు చెప్పలే. తప్పు నాది. కొట్టేదుంటే నన్ను కొట్టుండ్రి. కొట్టినంక మాత్రం నేను చెప్పినట్టు చెయ్యుండ్రి."

కొమురవ్వ తలెత్తి అతని ముఖంలోకి చూసింది. వెనకనుంచి ఎవరో కర్ర కింద పడేశారు.

"ఏం చెయ్యమంటవ్?" అన్నాడు పటేల్ చివరికి.

పందుల్ని ఊరికి రెండు మైళ్ల దూరాన గుట్ట అవతలికి తోలాలన్నాడు. పొద్దు గూకకముందే పిల్లల్ని ఇళ్లలోకి తేవాలన్నాడు, వాకిట్లో పడుకోబెట్టొద్దన్నాడు. కొట్టాలకు మందు తను కొడతానన్నాడు. మడుల్లో నీళ్లు వారానికొకసారి ఆరగట్టమన్నాడు. ఒళ్లు వెచ్చబడ్డ పిల్లను ఎవరూ దాచొద్దన్నాడు.

"గుట్టకాడ నా పందులకు ఏం పెట్టాలె?" అంది కొమురవ్వ. అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. పటేల్ గొంతు సవరించుకుని, తన మిల్లులో తవుడు ఉందన్నాడు. మర్నాడు పొద్దున ఆమె పందుల్ని తోలుకుంటూ పోయింది. వెనక తవుడు బస్తా మోసింది ఇస్తారే. దారిలో ఆమె ఒక్కసారి మాత్రం మాట్లాడింది: "తప్పు నీదని నువ్వు అందరి ముంగట ఒప్పుకోకపోతే ఏమయితుండె?" అతను బస్తాను మరో భుజానికి మార్చుకున్నాడు.

ఆ నెలలో ఎల్లారంలో మొత్తం నలుగురు పిల్లలు జ్వరాన పడ్డారు. ముగ్గుర్ని మొదటి రోజే కరీంనగర్ చేర్చగలిగారు. ఒకడు, అంతయ్య కొడుకు, దవాఖానాలోనే పోయాడు. జ్వరానికి మందు లేదు. ఫిట్స్ ఆపడం, నీళ్లెక్కించడం తప్ప డాక్టర్లకైనా చేయగలిగింది లేదు. అనసూర్యను దవాఖానాకు తీసుకుపోయిన ఇరవై రెండో రోజున పూనా ఉత్తరం వచ్చింది. మూడో విడత దోమల్లో, పందుల నెత్తుట్లో ఆ జ్వరం జాడ ఉందని రాశారు. ఎల్లారంలో అప్పటికి ఆ సంగతి తెలియని మనిషి లేడు.

అనసూర్య నలభై రోజులకు ఇంటికి వచ్చింది. బతికింది. కుడి చెయ్యి మాత్రం మాట వినడం లేదు, మాట కూడా వెతుక్కుని వెతుక్కుని వస్తోంది. ఇస్తారి చూడబోయిన రోజు ఆ పిల్ల అరుగు మీద ఎడమ చేత్తో అనపకాయలు ఒలుస్తోంది. రాజం మగ్గం ఆపి బయటికి వచ్చాడు.

"ఇస్తారీ, ఒక్క మాట అడుగుత. గా పదకొండు రోజుల ముందే నువ్వు చెప్పి ఉంటే, నా బిడ్డ చెయ్యి బాగుండునా?"

ఇస్తారి ఈ ప్రశ్నను తనకు తానే ఎన్నిసార్లు వేసుకున్నాడో లెక్కలేదు. ఉండేదన్నా తప్పే, ఉండేది కాదన్నా తప్పే.

"తెల్వదన్నా," అన్నాడు. "బాగుంటుండెనేమో. నాకు తెల్వది."

రాజం బిడ్డ చేతి వైపు చూశాడు. కూర్చోమని అనలేదు, పొమ్మనీ అనలేదు. సరోజన చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇస్తారి నిలబడే తాగి, చెంబు ఇచ్చి, సైకిల్ తీశాడు. పక్క ఊళ్లో ఒకాయన కొత్తగా పందులు సాదుతున్నాడని విన్నాడు. ఆ మనిషిని అతను ఇంకా కలవలేదు, పందుల ఈతల సంగతి అడగాలని అటే తొక్కాడు.