సూదుల డాక్టరు దగ్గర పేపరు లీకు

టైలరమ్మకి సూదులతో నలభై ఏళ్ల సావాసం. చేతి సూది, మిషను సూది, గుండుసూది, పిన్నీసు... ఏది ఎంత లోతు దిగుతుందో, దిగితే ఎంత మంటో ఆవిడ వేళ్లకి కంఠతా వచ్చు. అంత అనుభవంలోనూ సూది వల్ల చొక్కాలు బాగుపడటం చూసింది గాని మనుషులు బాగుపడటం చూడలేదు. అందుకే ఆడపడుచు ఊడిపడి, "అన్నయ్యకి సూదులు పొడిపిద్దాం వదినా!" అనగానే, "ఎందుకూ, నా నోరు చాలడం లేదా?" అంది.

అన్నయ్య అంటే టైలరమ్మ భర్త. బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్లు టైమ్ కీపరుగా చేసి రిటైరైన మనిషి. ఏ బస్సు ఏ నిమిషానికి కదలాలో, ఏ డ్రైవరు ఏ వంక పెట్టి ఆలస్యం చేస్తాడో కాగితం చూడకుండా చెప్పేవాడు. రెండేళ్లుగా ఆ బుర్రలో బళ్లు ఎక్కడివక్కడ ఆగిపోవడం మొదలెట్టాయి. టీ పెడదామని వంటగదిలోకి వెళ్లేవాడు. గిన్నెలో నీళ్లు పోసి, పొయ్యి వెలిగించి, ఆ పైన ఏం చెయ్యాలో తోచక చెంచా పట్టుకుని నిలబడిపోయేవాడు. చొక్కా గుండీలన్నీ శ్రద్ధగా పెట్టుకునేవాడు, ఒక్క కాజా తేడాతో. ఓ రోజు రెండు వీధుల అవతలి మందుల షాపుకి వెళ్లి ఇల్లు చేరడానికి మూడు గంటలు తీసుకున్నాడు. ఏ బస్సుకీ ఆయన అంత ఆలస్యం క్షమించి ఉండడు.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు తలకి స్కానింగు తీయించాడు. ఫిల్ముని వెలుతురుకి పట్టి, తెల్లటి మచ్చలు చూపించాడు. "మెదడులో సన్నటి రక్తనాళాలు అక్కడక్కడా పూడుకుపోయాయి. మీకు తెలీకుండానే చిన్న చిన్న స్ట్రోకులు వచ్చి పోయాయి. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. బీపీ మాత్రలు మానకండి, రోజూ నడవండి" అన్నాడు. ఇది చెప్పడానికి ఆయనకి నాలుగు నిమిషాలు పట్టింది. వినడానికి వీళ్లు నాలుగు గంటలు కూర్చున్నారు.

ఆడపడుచుకి ఈ వైద్యం ఆనలేదు. నడవమని చెప్పడానికి డాక్టరెందుకు, పక్కింటాయన చాలడూ? ఆవిడ తన మోకాళ్ల కోసం ఇప్పటికి అయస్కాంతాల పట్టీలు, రాగి కడియాలు, ముక్కుపుటాలు అదిరిపోయే నూనెలు వాడింది. అన్నీ అద్భుతంగా పనిచేశాయి. మోకాళ్లు మాత్రం ఆ సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

"ఇరవై సార్లు పొడిపిస్తే మా వీధిలో ఒకాయనకి మనవళ్ల పేర్లన్నీ గుర్తొచ్చాయట వదినా."

"ఎంతమంది మనవళ్లు?"

"ఒక్కడే."

చివరికి వెళ్లారు. ఒక బట్టల షాపు మీద రెండో అంతస్తు. గుమ్మం మీద బోర్డు: 'మతిమరుపుకు మరపురాని చికిత్స'. లోపల గోడకి ఓ మనిషి బొమ్మ. ఒంటి నిండా చుక్కలు, చుక్కలు కలుపుతూ గీతలు. టైలరమ్మకి అది కటింగు నేర్పే పుస్తకంలో పాంటు బొమ్మలా కనిపించింది.

సూదుల డాక్టరు నలభై ఐదేళ్ల మెత్తటి మనిషి. ముందుగా ఓ కాగితం తీసి టైమ్ కీపరుకి పరీక్ష పెట్టాడు. ఇవాళేం వారమని అడిగాడు, పదకొండూ పది చూపించే గడియారం గీయించాడు, వందలోంచి ఏడు చొప్పున తీసేయమన్నాడు, ఐదు మాటలు చెప్పి కాసేపయ్యాక తిరిగి చెప్పమన్నాడు. ముప్ఫైకి పద్దెనిమిది వచ్చాయి. ఆ తర్వాత తల మీద, చెవుల దగ్గర, మణికట్ల మీద పద్నాలుగు సూదులు గుచ్చాడు. టైలరమ్మ ఓ సూది అడిగి తీసుకుని, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసింది.

"దీనికి బెజ్జం ఏదండీ?"

"దీనికి దారం ఎక్కించమమ్మా."

"అదే అనుకున్నాను. కుట్టేది లేదు, ఊరికే గుచ్చడమే."

టైమ్ కీపరు మాత్రం గుండుసూదుల దిండులా పడుకుని, రెండు నిమిషాల్లో గురక పెట్టాడు. ఇంట్లో నిద్రపట్టక మంచం చుట్టూ తిరిగే మనిషి!

వారానికి మూడు రోజులు. బస్సుల్లో గుంజులాట ఎందుకని నడిచే వెళ్లేవాళ్లు. పోనూ రానూ గంట. సూదుల డాక్టరు ప్రతిసారీ బీపీ చూసి, "మాత్ర వేశారా?" అని అడిగేవాడు. పరాయివాడి ముందు పరువు పోతుందని టైలరమ్మ మాత్ర తప్పనిచ్చేది కాదు.

పదోసారి వెళ్లినప్పుడు మళ్లీ పరీక్ష. ఇరవై నాలుగు! ఆడపడుచు ఆ సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. రాత్రికి ఆ సంఖ్య ఇరవై ఏడయింది. కొడుకు ఫోన్ చేసి, "అమ్మా, నాన్న పూర్తిగా నయమైపోయారటగా!" అన్నాడు. టైలరమ్మ ఓరగా చూసింది. పూర్తిగా నయమైన మనిషి చెప్పులు తొడుక్కుని మంచం మీద పడుకుని ఉన్నాడు.

రెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం మిషను మీద కూర్చుని ఉండగా మాడు వాసన వచ్చింది. టైలరమ్మ పరుగున వెళ్లి, నల్లబడ్డ గిన్నె దించి, "ఏమండీ! పొయ్యి మీద ఏం పెట్టారు?" అని కేకేసింది.

టైమ్ కీపరు నిటారుగా నిలబడి, ఒక్క గుక్కలో చెప్పాడు: "గొడుగు, తాళం, నిమ్మకాయ, కిటికీ, ఏనుగు."

టైలరమ్మకి ముందు నవ్వొచ్చింది. తర్వాత అనుమానమొచ్చింది. మర్నాడు సూదుల డాక్టరు దగ్గర వరండాలో రోజూ కూర్చునే మూల వదిలేసి, మగవాళ్ల బెంచీకి దగ్గరగా జరిగింది. అక్కడ హెడ్డు గుమస్తా అని అందరూ పిలిచే ఓ పెద్దాయన ఉన్నాడు. ఆయనదీ ఇదే జబ్బు, ఇంకా మొదట్లో ఉంది. కొత్తగా వచ్చిన ఒకాయన చెవిలో ఆయన గుసగుసలాడుతున్నాడు: "గొడుగు, తాళం... ఏనుగు ఆఖర్న. గడియారం పదకొండూ పది. వారం మాత్రం గోడ మీద కాలెండరు చూసి చెప్పెయ్యి."

"ఏంటన్నయ్యగారూ ఇది? పేపరు లీకు చేస్తున్నారా?" అంది టైలరమ్మ.

హెడ్డు గుమస్తా ఏమాత్రం తొణకలేదు. "మార్కులొస్తే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు చెల్లెమ్మా. మావాళ్లు నా మొహం చూసి నవ్వి ఏడాదైంది. ఇరవై నుంచి ఇరవై ఆరుకి వస్తే అన్నం పెట్టేటప్పుడు నవ్వారు" అన్నాడు.

అయినా ఊరుకుంటే టైలరమ్మ ఎలా అవుతుంది? లోపలికి వెళ్లి, ఓ చీటీ సూదుల డాక్టరు చేతికిచ్చింది. "ఇవాళ ఈ ఐదూ అడగండి" అంది. కత్తెర, నిచ్చెన, ఉప్పు, చిలక, రైలు.

ఆయన అడిగాడు. ఐదు నిమిషాలయ్యాక టైమ్ కీపరు నుదురు రుద్దుకున్నాడు. "రైలు... కత్తెర..." అని ఆగి, చాలాసేపు వెతికి, "గొడుగు" అన్నాడు. డాక్టరు పెన్ను కదలకపోయేసరికి తలదించుకున్నాడు.

సూదుల డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "పొరపాటు నాదేనమ్మా. ప్రతిసారీ అదే కాగితం వాడాను. రెండోది తయారు చేసుకోలేదు."

"ఇంతకీ ఈ సూదులు పనిచేస్తాయా, చెయ్యవా?"

ఆయన సూదుల డబ్బాకి మూత పెట్టాడు. "కొంతమంది పరీక్షించి గుణముందన్నారు. ఆ పరీక్షలు చిన్నవి, సరిగ్గా చెయ్యలేదని కొంతమందన్నారు. గట్టిగా ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. మాత్రలు మాత్రం మానొద్దు."

"మరి బోర్డు మీద ఇదంతా రాయలేదేం?"

"బోర్డు చిన్నదమ్మా."

అబద్ధమాడి ఉంటే నాలుగు దులిపేసి వచ్చేది. నిజం చెప్పేసరికి చేతులు కట్టేసినట్టయింది. దారిలో భర్తతో అంది, "ఇంక రేపట్నించి మానేద్దాం. ఆ నిద్రేదో ఇంట్లోనే పోవచ్చు."

టైమ్ కీపరు నడుస్తున్నవాడల్లా ఆగాడు. ఈమధ్య ఆయనకి మాట కూడబలుక్కోవడానికి సమయం పడుతోంది. ఆవిడ అసహనంగా సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మానొద్దు" అన్నాడు చివరికి. "అక్కడ... పడుకున్నంతసేపూ నన్నెవరూ ఏమీ అడగరు."

"ఇంట్లో మాత్రం ఎవరేం అడిగారు?"

"నువ్వే. పొద్దున లేవగానే ఇవాళేం వారం అంటావు. తిన్నాక ఏం తిన్నారంటావు. అబ్బాయి ఫోన్ చేసి నేనెవర్ని అంటాడు. చెల్లెలు ఫొటోలు పట్టుకొస్తుంది." ఊపిరి తీసుకున్నాడు. "రోజంతా పరీక్షే. ఫెయిలవుతూనే ఉన్నాను."

నలభై ఏళ్లలో టైలరమ్మ వేలికి లెక్కలేనన్ని సార్లు సూది దిగింది. ఇది దిగినంత లోతు ఏదీ దిగలేదు. బుర్రకి పదును పెడుతున్నాననుకుంది తను. ఆ కాసేపు నిద్ర కోసం ఆయన పద్నాలుగు పోట్లు తింటున్నాడు!

ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

ఇరవై సార్లూ పూర్తి చేశారు. ఆరు నెలలకి పెద్దాసుపత్రిలో మళ్లీ చూసి, "పెద్దగా దిగజారలేదు, మంచిదే" అన్నాడు నరాల డాక్టరు. అంతే, ఆ మంచికి హక్కుదార్లు బయల్దేరారు. సూదుల వల్లే అంది ఆడపడుచు. మాత్రల వల్ల అన్నాడు నరాల డాక్టరు. తను పంపిన విటమిన్ల వల్ల అన్నాడు కొడుకు. ఆ సీసా మూత ఇంకా ఎవరూ తియ్యలేదు. హెడ్డు గుమస్తా అయితే తన ట్యూషను వల్లేనని నమ్మాడు. టైలరమ్మ దేనికీ పోటీకి వెళ్లలేదు. రోజూ గంట నడక మాత్రం మానలేదు, మాననివ్వలేదు.

ఆ తర్వాతి ఏడాది ఇంకో చిన్న నాళం మూసుకుపోయింది. టైమ్ కీపరు మాట మరికాస్త నెమ్మదించింది, గుండీలు ఆవిడే పెట్టాల్సి వస్తోంది. కాని ఆ ఇంట్లో ప్రశ్నలు బందయ్యాయి. అడగాల్సినవన్నీ ఆవిడే ముందుగా చెప్పేస్తుంది.

"ఇవాళ బుధవారం. వానొచ్చేలా ఉంది. మీరు విడిచిన చొక్కా ఉతికేశాను. సాయంత్రం మీ చెల్లెలొస్తోంది, కొత్త వైద్యమేదో దొరికిందట."

టైమ్ కీపరు ఆ వార్తలన్నీ శ్రద్ధగా విన్నాడు. చాలాసేపు ఆలోచించి, "ఆ ఆఖరిది," అన్నాడు, "గుర్తు పెట్టుకోవాలా?"