గులాబ్‌బీ వంతు

నలుగురి ముందు మాట్లాడుతుండగా పాలు చేపుకొచ్చి నా రవిక తడుస్తుందేమోనని నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. మీకిది చిన్న సంగతి అనిపించవచ్చు. ఏడో తరగతిలో బడి మాన్పించిన నాటి నుంచి, పరాయి కళ్లు నా ఒంటి మీద పడకుండా ఎట్లా మెలగాలో తప్ప ఎవరూ నాకు ఇంకేమీ నేర్పలేదు.

కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ కలిపి నల్గొండలో పోటీ ఉందని విన్నప్పుడు నేను పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తున్నాను. శ్రీశైలం పోయే లారీలవాళ్లు కల్వకుర్తిలో ఆగి మా గడప దగ్గర కొనుక్కుపోతారు. చేసేది నేను, పైసలు అందుకునేది మా ఆయన అమరేందర్. గెలిస్తే మన ఊరి బస్టాండులో ఏడాదిపాటు కిరాయి లేని దుకాణం, మన పేరు మీదే ఇస్తారట. నా పేరు మీద ఒక జాగా ఉంటే ఎట్లుంటుందో అనుకుంటూ పెనం మీది రొట్టెను మాడ్చాను.

"పాలిచ్చేదానికి పోటీలెందుకే?" అంది మా అత్త అరుణమ్మ.

"పోనియ్యమ్మా, ఓడిపోయొస్తే సోయికొస్తది" అన్నాడాయన. నాకు దొరికిన అనుమతి అదే. పిల్లవాణ్ని చూసుకోవడానికని అత్త కూడా బస్సెక్కింది. తోడుకో కాపలాకో ఆమెకే తెలియాలి.

హాల్లోకి పిల్లలను రానివ్వలేదు. అత్త బాబును ఒళ్లో వేసుకుని వరండాలో కూర్చుంది. నా పక్క కుర్చీలో ఆలేరు నుంచి వచ్చిన గులాబ్‌బీ. పాత చీరలతో బొంతలు కుట్టి అమ్ముతుందట. చంటి కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. మాటిమాటికీ కొంగు సర్దుకుంటుంటే నాకు అర్థమై, నీక్కూడానా అని మెల్లగా అడిగాను. "పొద్దటిసంది సలుపుతున్నయక్కా. నాకొక్కదానికే అనుకున్న" అని నవ్వింది.

నా పేరు పిలిచారు. రొట్టె నెలరోజులు చెడకుండా ఎట్లా ఎండబెడతానో చెబుతుండగా బయట నా కొడుకు ఏడుపు. ఆ గొంతు వినపడ్డాక ఒళ్లు నా మాట వినదు. రవిక తడిసింది. ముందు వరుసలో ఒక పెద్దమనిషి గబగబా కాగితాలు తిరగేశాడు, ఇంకొకాయన నవ్వు ఆపుకున్నాడు. నేను మాట ఆపి వరండా వైపు తిరిగాను. కాసేపటికి ఏడుపూ ఆగింది. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే, గులాబ్‌బీ వరండాలో గోడ వైపు తిరిగి కూర్చుని నా కొడుక్కి పాలిస్తోంది. సాయిబుల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టని మా అత్త, తన కొంగు పరిచి వాళ్లిద్దరికీ అడ్డం పట్టుకుని నిలబడింది.

మిగిలింది చెప్పాను. అంతగా భయపడ్డ సంగతి జరిగిపోయింది, నేనింకా నిలబడే ఉన్నాను. ఇంతేనా అనిపించింది. పెళ్లయ్యాక అంత తేలిగ్గా ఊపిరి తీసుకున్నది అప్పుడే కావచ్చు.

"గులాబ్‌బీ, ఆలేరు." రెండుసార్లు పిలిచారు. రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు. నేను మైకు ముందు నుంచి కదలలేదు.

"ఆమె నా కొడుక్కి పాలిస్తున్నది సార్. వాడు కడుపునిండ తాగినంక వస్తది. అప్పటిదాంక నేనీడనే నిలవడ్త."

కొంగు కప్పుకోకుండానే నిలబడ్డాను. ఆమె వచ్చింది, బొంత విప్పి చూపించి మాట్లాడింది, వెంటనే బస్సుకు పరుగెత్తింది. "నా పిల్లకు చుక్కన్న మిగిల్చిండో లేదో నీ కొడుకు" అని పోతూపోతూ నన్ను గిచ్చింది.

సాయంత్రం ఫలితాలు చదివారు. నా పేరు లేదు. గులాబ్‌బీ పేరుంది. చప్పట్లు కొడుతుంటే నా చేతులే అందరికంటే గట్టిగా మోగాయి. తిరుగు బస్సులో అత్త కిటికీలోంచి చూస్తూ, "మళ్లేడు గూడ పెడ్తరా గీ పోటీ?" అంది. పెడతారట అన్నాను. "అయితే అప్పటికి పిల్లగాడు అన్నం తింటడు తియ్" అంది. నేను నిద్రపోయిన బాబును ఆమె ఒళ్లో పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

గెలిచినవాళ్లు ఈ నెలాఖరులోగా స్వయంగా నల్గొండ వచ్చి దుకాణం తాళం తీసుకోవాలని ఫలితాలు చదివినప్పుడే ప్రకటించారు. అప్పటికి ఆమె లేదు. కబురు పంపుతామన్నారు గానీ నాకు నమ్మకం లేదు, ఆలేరు దాకా నన్నొక్కదాన్ని ఎవరూ పంపరు. మీలో అటువైపు పోయేవాళ్లుంటే, బొంతలు కుట్టే గులాబ్‌బీ ఇల్లెక్కడని అడగండి. ఆమెకు సంగతి తెలిసిందో లేదో జర చూసి రండి.