సున్నా దగ్గర ఊపిరి

తమ్ముడి చొక్కా ఇస్త్రీ చేసే ముందు జేబులు వెతకడం నాకు అలవాటు. శాక్సోఫోన్ మూతికి బిగించే రీడు ఒకసారి జేబులోనే ఉండిపోయి, ఇస్త్రీపెట్టె కింద పడి విరిగిపోయింది. "చూసుకోవాలి కదక్కా" అన్నాడు వాడు. చొక్కా వాడిది, జేబు వాడిది, రీడు వాడిది, చూసుకోవలసింది మాత్రం నేను. నీ పెళ్ళాం లేదా అంటే మరదలు చక్కగా నవ్వుతుంది. "నేను చేస్తే కాలర్ కుదరదట వదినా. మీ చెయ్యి పడాల్సిందే." ఈ పొగడ్త పన్నెండేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక ముడతల చొక్కా వేసుకుని మా ఇంటికొస్తోంది.

ఈ ఆదివారం జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. విప్పితే మా పాట. మా పాట అని అలవాటుకొద్దీ అంటున్నాను గానీ, నాన్న చనిపోయిన ఏడాది మాటలూ బాణీ రెండూ నేనే కట్టాను. ఆదివారం సాయంత్రాలు హోటల్ హాల్లో మేమిద్దరం జాజ్, సోల్ పాటలు వినిపిస్తాం. నేను పియానో వాయిస్తూ పాడతాను, వాడు శాక్సోఫోన్. చివరిపాట ఎప్పుడూ ఇదే. గుమ్మం దగ్గర పోస్టరు మీద 'అక్కా తమ్ముడు' అని రాసి ఉంటుంది. బొమ్మలో ముందు తమ్ముడు, వాడి వెనక పియానో, దాని వెనక ఎక్కడో నేను.

కాగితం మీద రాత తమ్ముడిదే, కానీ పాటంతా రెండు మెట్లు కింది శ్రుతిలో ఉంది. ఆ శ్రుతిలో నేను పాడితే బావిలోంచి పిలిచినట్టుంటుంది. ఆ సంగతి వాడికి తెలుసు. మరి ఇది ఎవరి గొంతు కోసం? చొక్కా చేతి మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయింది. మాడు వాసన తగిలాక తీశాను.

ఒక్కసారి అనుమానం పుట్టాక నెలరోజుల మాటలన్నీ వరసగా వచ్చి ముందు నిలబడ్డాయి. మొదలుపెట్టింది మా ఆయన. "ఈ మధ్య నీకు ఆయాసం ఎక్కువైంది, గమనించుకున్నావా?" అన్నాడు. తడిబట్టల బకెట్లు రెండు మూడో అంతస్తుకి మోసుకొచ్చి అప్పుడే దింపాను. ఉత్తచేతులతో నా వెనకే ఎక్కొచ్చిన మనిషికి ఆయాసం రాకపోవడంలో వింతేముంది? ఆ వారంలోనే ఒకరోజు తనే కాఫీ కలుపుతానన్నాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకి పంచదార ఎక్కడుందని అడిగాడు. అతివినయం ధూర్తలక్షణం అని పెద్దలు ఊరికే అనలేదు. కాఫీ బాగానే ఉంది, నాకే గొంతు దిగలేదు. తర్వాత మరదలు ఆవిరిపట్టే యంత్రం తెచ్చింది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి వదినా, పాటలెక్కడికి పోతాయి?" అంది. పోరు పడలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా వీపు మీద స్టెతస్కోపు అటూ ఇటూ తిప్పి, "ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి. ఎవరు పంపించారు మిమ్మల్ని?" అని అడిగింది. మావారన్నాను. "ఆయన్నొకసారి రమ్మనండి" అని నవ్వింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వలేదు. "డాక్టర్లకేం తెలుసు? మీ తమ్ముడు కూడా అదే అంటున్నాడు" అన్నాడు. పొమ్మనలేక పొగబెడుతున్నారని అప్పుడే అనిపించింది. పొయ్యి ఎవరిదో ఇప్పుడీ కాగితంలో కనబడుతోంది.

ఇంకోటి కూడా కనబడింది. పాట చివరికి వస్తుండగా ఒక గీత పైన చిన్న సున్నా.

ఆ సున్నా నాది. నా కాగితంలో పెన్సిల్‌తో పెట్టుకున్న గుర్తు. అక్కడ నా పియానో ఆగిపోతుంది. తమ్ముడు ఒక్కడే వాయిస్తాడు, నాలుగేసి లెక్కల చొప్పున సరిగ్గా ఎనిమిది సార్లు. జనం ఊపిరి బిగబట్టి వినే చోటది. తొమ్మిదో దానికి వాడు నిలిపితే నేను చివరి చరణం ఎత్తుకోవాలి. వాడికి లెక్క నిలవదు. చిన్నప్పుడూ అంతే. నాన్న వాద్యాలు బాగుచేసేవాడు. ఆ బల్ల మీదే మాకు లెక్క కొట్టి నేర్పేవాడు. తమ్ముడు తప్పినప్పుడల్లా నాన్న నా వైపు చూసేవాడు. "వాడు కళాకారుడమ్మా, వాడి చెయ్యి ఆగదు. లెక్క నువ్వు చూసుకో." అప్పుడు వాడికి ఏడేళ్ళు, నాకు తొమ్మిది. అదే బల్ల మీద నేనూ వాయిస్తున్నాను కదా, మరి నేనెవర్నని అడగాలని తోచలేదు. చూసుకున్నాను. ఎనిమిదోసారి ముగుస్తుండగా, సున్నా దగ్గర, వాడికి వినబడేలా గట్టిగా ఊపిరి పీలుస్తాను. వాడు నిలిపేస్తాడు. జనం చప్పట్లు కొడతారు. దీని గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. వాడికి తెలిసి నిలుపుతున్నాడో, తన లోపలే లెక్క ఉందనుకుంటున్నాడో నాకు ఈరోజుకీ తెలియదు.

చొక్కా మడతపెట్టి, కాగితం మళ్ళీ జేబులోనే పెట్టి, వాడికి పంపించేసి, మూడింటికి హాలుకి వెళ్ళాను. నా పియానో ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై రెండో మూడో ఉంటాయి. నా స్టూలు ఎత్తు మార్చేశారు.

"అక్కా, ఈ అమ్మాయికి కాస్త మన పద్ధతి చూపించు. నీకు ఒంట్లో బాగోని రోజున పనికొస్తుంది" అన్నాడు తమ్ముడు.

"నాకు ఒంట్లో బాగానే ఉందిరా."

"అబ్బే, ఎప్పుడైనా అని. నేనేమన్నానిప్పుడు?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కాలర్ సర్దుకున్నాడు. నేను ఇస్త్రీ చేసిన కాలర్. ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు.

అమ్మాయి లేచి నిలబడింది. మర్యాదస్తురాలు. "పోయిన నెల రికార్డింగ్‌లో మీ ఊపిరి చప్పుడు పడిందట కదా మేడమ్. ఎంత తీసినా పోలేదట. అక్కకి ఆయాసం, ఏం చేస్తామని సార్ చాలా బాధపడ్డారు. గురువారం మళ్ళీ రికార్డు చేస్తున్నాం కదా, అందుకని నన్ను..." నా మొహం చూసి ఆగిపోయింది. "మీకు చెప్పారనుకున్నాను."

ఒళ్ళంతా మండింది. రికార్డింగ్ అతను ఈ చప్పుడేమిటని అడిగినప్పుడు తమ్ముడు పక్కనే ఉన్నాడన్నమాట. అది తనకి లెక్క అందించే ఊపిరి అనలేదు. జబ్బన్నాడు. ఆ జబ్బుని ఇంటింటికీ పంచాడు, మా ఆయన కాఫీ కలిపాడు. అయినా నాలో ఒక మూల ఇంకా వాడి తరఫునే వాదిస్తోంది. పాపం, వాడికి నిజంగా తెలియదేమో.

అమ్మాయి తన కాగితం చూపించింది. "ఈ సున్నా ఏమిటి మేడమ్? సార్‌ని అడిగితే, అక్క కాగితంలో ఉంది, అలాగే ఎక్కించానన్నారు."

చెప్పాను. దాచడానికేముంది? అమ్మాయి వేళ్ళ మీద ఎనిమిది లెక్కబెట్టింది. "వాయించేది ఆయనే కదా మేడమ్. లెక్క ఆయన పెట్టుకోరా?"

ఇన్నేళ్ళలో ఈ మాట అడిగినవాళ్ళు లేరు. నేను కూడా అడగలేదు.

"అయితే గురువారం నేను కూడా అక్కడ గట్టిగా..."

"వాడు చెయ్యమని అడగడమ్మా. నీకే అలవాటైపోతుంది."

సాయంత్రం హాలు నిండింది. ముందు వరసలో మా ఆయన, మరదలు. అమ్మాయి వేదిక పక్కన తెర దగ్గర నిలబడింది. నా స్టూలు నేను నా ఎత్తుకి తిప్పుకున్నాను. చివరిపాట వచ్చింది, నా శ్రుతిలోనే. పియానో ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. తమ్ముడు ఒక్కడే ఎత్తుకున్నాడు. బాగా వాయిస్తాడు, ఆ మాట అబద్ధం కాదు. ఆరు. ఏడు. ఎనిమిది. సున్నా దగ్గర ఊపిరి తీసుకున్నాను. చప్పుడు కాకుండా, నాకు సరిపడా.

వాడు నిలపలేదు. తొమ్మిది నడిచింది. పది కూడా నడిచింది. వేళ్ళు తడబడ్డాయి. వాయిస్తూనే తల తిప్పాడు. దారి తప్పినవాడు నా చేతులు చూడాలి, లేదా పియానో చూడాలి. వాడు సూటిగా నా నోటి వైపు చూశాడు, ఎప్పుడూ అక్కణ్ణించే వచ్చేది ఈరోజెందుకు రాలేదన్నట్టు.

తెలుసన్నమాట.

వాడు దారి వెతుక్కునేదాకా ఆగలేదు. చివరి చరణం నా లెక్కలో నేను ఎత్తుకున్నాను. వాడొచ్చి కలిసేసరికి నేను రెండో పంక్తి దాటేశాను.