గొంతులో గీరుకునే అక్షరం

హోటల్లో పనిచేసేవాళ్ళంతా ఆమెను ఇంగ్లీషమ్మ అనేవారు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఇంగ్లీషే. కలలు కూడా అందులోనే వస్తాయని ఆమే ఒకసారి చెప్పుకుంది. రిసెప్షన్ కౌంటరు వెనక నిలబడి ఆమె మాట్లాడుతుంటే మేనేజరు మురిసిపోయేవాడు. జర్మన్ పర్యాటకుల బృందాలు దిగడం మొదలయ్యాక ఆ మురిపెం సరిపోలేదు. పలకరింపులైనా వాళ్ళ భాషలో ఉండాలని పట్టుబట్టి, ఒకప్పుడు జర్మన్ గాయకబృందంలో పాడిన ముసలి మాస్టారిని సిబ్బంది అందరికీ కుదిర్చాడు.

పాఠాలు లాండ్రీ పక్క గదిలో. తడి దుప్పట్ల ముక్కిన వాసన, గోడలకు చెమ్మ, మధ్యలో ఒక బకెట్టు. మాస్టారు నోట్లో నీళ్ళు పోసుకుని, తల వెనక్కి వాల్చి గుడగుడలాడించి బకెట్టులో ఉమ్మాడు.

"ఇప్పుడు ఇదే పని నీళ్ళు లేకుండా చెయ్యండి. క కాదు, ఖ కాదు. నాలుక వెనక భాగం అంగిటికి తగలకూడదు. ఆ సందులోంచి గాలి గీరుకుంటూ పోవాలి."

అందరూ గీరారు. గదంతా కఫం కదిలిన చప్పుడు. పక్కనున్న వెయిటరు నోటి తుంపర ఆమె ముంజేతి మీద పడింది.

"నా వల్ల కాదు మాస్టారూ. తిన్నది బయటికొచ్చేట్టుంది."

"అలా మొహం చిట్లిస్తే పట్టుబడదమ్మా. నీ ఇంగ్లీషు నోరు దాన్ని క చేసేస్తోంది."

"చేస్తే చేసింది. ఆ మాత్రం అర్థం చేసుకోలేరా?" అంటూ ఆమె చెయ్యి తుడుచుకుని లేచి వచ్చేసింది. మళ్ళీ ఆ గది ఛాయలకు పోలేదు.

భోజనాలయ్యాక గదులకు వెళ్ళే అతిథులకు శుభరాత్రి చెప్పడం ఆమె వంతు. నవ్వు మొహంతో "గూటె నాక్ట్" అని తాళం కార్డు అందించేది. కొందరు తల దించుకుని పోయేవారు, కొందరు నవ్వు ఆపుకునేవారు. ఒక బృందంతో వచ్చిన నీలం కోటాయన మాత్రం ఆగాడు.

"ఏదీ, మళ్ళీ అనండి," అన్నాడు ఇంగ్లీషులో. ఆమె అంది. మర్నాడూ అడిగి అనిపించుకున్నాడు. ఆ మర్నాడు కార్డు తీసుకుంటూ వేలితో ఆమె అరచెయ్యి రాసి, "గూటె నాక్ట్" అని కన్ను గీటి, తల నుంచి కాళ్ళ దాకా తీరిగ్గా చూశాడు. వెనక అతని స్నేహితులు కిసుక్కుమన్నారు.

ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. చర్మం ఎర్రబడేదాకా సబ్బుతో చెయ్యి తోముకుని, సరాసరి మాస్టారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది.

మాస్టారు నేలచూపులు చూశాడు. "గొంతు గీరితే ఆ రెండో మాటకి రాత్రి అని అర్థం. క పలికితే... ఒంటి మీద బట్టల్లేకుండా అని."

ఆమెకు తన నోటి మీదే రోత పుట్టింది. ఎంతమందికి చెప్పిందో, ఎంత నవ్వుతూ చెప్పిందో.

"తప్పని తెలిసే రోజూ నా చేత అనిపించుకున్నాడన్నమాట," అంది చివరికి. "నేర్పండి మాస్టారూ."

నీళ్ళు పోసుకుంది, గుడగుడలాడించింది, ఉమ్మింది. వాంతి వచ్చినంత పనైంది. కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆపలేదు. ఎలాగో ఆ శబ్దం గొంతులో కుదురుకుంది, అంతే అసహ్యంగా.

మర్నాడు రాత్రి నీలం కోటాయన చెయ్యి చాపితే ఆమె కార్డు ఇవ్వలేదు.

"సార్, రాత్రి అనే మాట మీరు తప్పు పలుకుతున్నారు. నేనంటే నేర్చుకునేదాన్ని. మీకు పుట్టుకతో వచ్చిన భాష కదా." గొంతు గీరి, స్పష్టంగా పలికింది. "ఇలా. ఏదీ, అనండి."

వెనకాల నవ్వులు ఆగిపోయాయి. బృందంలోని ఒక పెద్దావిడ అతనికి జర్మన్‌లో ఏదో కటువుగా చెప్పింది. అతని మెడ ఎర్రబడింది. గొణిగినట్టు సరిగ్గా పలికాడు. ఆమె కార్డును చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

మర్నాడు మేనేజరు పిలిచాడు. "ఆయన ఫిర్యాదు చేశాడు."

"ఏమని చేశాడండీ?"

"ఏదో... నలుగురిలో పలుకు సరిదిద్దావని."

"నేర్చుకోమంది మీరే కదండీ."

మేనేజరు ఆమెను పొద్దుటి పూటకు మార్చాడు. ఫలహారాల వేళ నీలం కోటాయన ఆమెను చూసి, కాఫీ కప్పుతో స్తంభం చాటు నుంచి జారుకున్నాడు. గెలిచానని ఆమెకేమీ అనిపించలేదు. ఆ చూపు ఇంకా ఒంటికి అంటుకునే ఉంది. కాలరు పై గుండీ పెట్టుకుని, కౌంటరు ముందు నిలబడ్డ దంపతుల పెట్టెలు ఏ గదికి పంపాలో చూసింది.