జహోర్ చేతిలో చక్కెర దిమ్మ

శుక్రవారం నమాజు ముగియగానే, అందరూ గౌరవంగా లల్లా అని పిలిచే జహోర్ తమ్ముడి ఇంటికి వచ్చింది. ఫెజ్ నగరపు పాతబస్తీలో ఆ సందంతటికీ ఆమె దయాగుణం తెలుసు, ఆమే చెప్పుకుంటుంది గనుక. తమ్ముడి భార్య రుఖియాకు కీళ్లవాతం ముదిరి కుడి మోచెయ్యి కర్రలా బిగుసుకుపోయిన అన్నేళ్లూ, అందరూ చుట్టూ కూర్చున్న శుక్రవారం పళ్లెంలోంచి ముద్ద చేసి ఆమె నోట్లో పెట్టింది జహోరే. పెట్టేముందు నలుగురూ చూస్తున్నారో లేదోనని ఒకసారి కలయజూసేది. ఆ ముద్దల్లో ఉప్పుకన్నా చాటింపే ఎక్కువ అనుకుంటూ రుఖియా మింగేది.

ఇప్పుడు ఆపరేషన్ చేసి, అరిగిన ఎముకల చివరలు తీసేసి లోహపు కీలు వేశారు. చెయ్యి నోటిదాకా వంగుతోంది. "బతికినన్నాళ్లూ ఈ చేత్తో టీ కెటిలుకు మించి ఎత్తకమ్మా. కీలు వదులైతే మళ్లీ వేయడం కష్టం" అని చెప్పి పంపాడు డాక్టరు.

పలకరింపుకు వచ్చేవాళ్లు నీలం కాగితం చుట్టిన రెండు కిలోల చక్కెర దిమ్మ తేవడం రివాజు. కుడిచేత్తో ఇవ్వాలి, కుడిచేత్తో పుచ్చుకోవాలి. జహోర్ చుట్టాలందరి ఎదుటా దిమ్మ చాచింది.

"పట్టుకో మరదలా. ఇనుప చెయ్యి వేయించుకున్నావు. ఇక వీధివాళ్ల రొట్టెల పిండంతా నువ్వే పిసకాలి."

చుట్టాలు నవ్వారు. ఇనుము పెట్టారు గనుక బలం పెరిగిందని అందరి నమ్మకం. తలుపుకు కొత్త బందు వేస్తే అది ఏనుగును ఆపుతుందనుకునే రకం.

"ఆ బల్లమీద పెట్టండి వదినా."

"చేతికివ్వనిది కానుకేనా? నా చక్కెర నీకు చేదా?"

ఎడమచేత్తో అందుకుంటే అవమానం. కుడిచేత్తో అందుకుంటే కీలుకు ముప్పు. రుఖియా చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు. నోరు కదిలింది.

"అల్లా మీకు మేలు చెయ్యాలి వదినా. పిల్లలు బాగున్నారా? పెద్దబ్బాయి? వాడి అత్తగారు? మీ మోకాలు? మేడమీది పావురాలు?"

కుశలం అడుగుతుంటే అడ్డం రావడం మర్యాద కాదు. జహోర్ ప్రతిదానికీ "అల్లా దయ" అంటూనే ఉంది. చాచిన చెయ్యి వణకసాగింది. ఎదురింటి మనవరాలి పెళ్లిదాకా వచ్చేసరికి దిమ్మ తనంతట తానే బల్లమీదికి దిగింది.

"పాపం, మీ చేతిలో ఇనుము లేదుగా వదినా" అంది రుఖియా.

పళ్లెం వచ్చింది. జహోర్ అలవాటుగా గోధుమనూక ముద్ద చేసి, కలయజూసి, చాచింది. రుఖియా మొహం తిప్పుకుంది. తన వంకర వేళ్లతో నూకలో గుమ్మడిముక్క కలుపుకుని, బిస్మిల్లా అని, నోటిదాకా తెచ్చుకుంది. సగం ఒళ్లో రాలింది.

"చూశారా, ఒలకబోసుకుంటోంది" అంది జహోర్.

ఆ ఉదయం నమాజుకు ముందు మోచేతులదాకా తానే కడుక్కుంటూ రుఖియా దేవుణ్ని ఒకటి అడిగింది, తినిపించిన చేతిని ఇంతగా ఏవగించుకోవడం తప్పేనా అని. జవాబు ఇంకా రాలేదు.

రెండో ముద్ద చేసుకుంది. ఇది రాలలేదు. జహోర్ చేతిలోని ముద్ద ఎటు పోవాలో తెలియక గాల్లోనే ఉండిపోయింది.